ప్రభుత్వం మాటకు ధర ఎంత? యూరప్ సోలార్, గాలి కరెంటు విధానాలపై ఒక ప్రసంగం

(ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, మొదటి రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. నేను ప్రశ్నలేమీ అడగను, భయపడకండి.

యూరప్‌లో ప్రభుత్వాలు సోలార్, గాలి కరెంటును ఎలా పెంచాయో చెప్పమన్నారు. ఏ దేశంలో ఎన్ని మెగావాట్లున్నాయో మీ ఫోన్‌లోనే దొరుకుతుంది, దానికి నేను అక్కర్లేదు. నేను ఉద్యోగం చేసినంతకాలం కరెంటు కొనే విభాగంలో ఉన్నాను. టర్బైన్ దగ్గరికి వెళ్లింది తక్కువ, ఒప్పందాల ఫైళ్లు తిరగేసింది ఎక్కువ. అందుకే ఈ కథ నాకు డబ్బు వైపు నుంచే కనిపిస్తుంది. డబ్బు ఎవరు పెట్టారు, ఎవరి మాట నమ్మి పెట్టారు, ఆ మాట తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడింది? ఇవాళ చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. బొగ్గు ప్లాంటు ఖర్చులో పెద్ద భాగం రోజూ కాల్చే బొగ్గుకే పోతుంది. కరెంటు అమ్ముడుపోకపోతే బొగ్గు కొనడం తగ్గించుకోవచ్చు. గాలిమరలు, సోలార్ ప్లాంట్లు అలా కాదు. అవి కొబ్బరి తోటలాంటివి. ఖర్చంతా మొదట్లోనే పెట్టేయాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి దింపు తీసుకోవడమే. మొదట్లో పెట్టేది చాలావరకు అప్పు తెచ్చిన సొమ్మే. 100 రూపాయలు అప్పు తెచ్చి 20 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలనుకోండి. వడ్డీ 4 శాతమైతే ఏటా 7 రూపాయల 36 పైసలు కట్టాలి. అదే 10 శాతమైతే 11 రూపాయల 75 పైసలు. ప్యానెల్ అదే, ఎండ అదే, కరెంటు ఖరీదు మాత్రం దాదాపు 60 శాతం పెరిగిపోయింది. మరి బ్యాంకు 4 శాతానికి ఇవ్వాలా, 10 శాతానికి ఇవ్వాలా అన్నది దేన్ని చూసి తేల్చుకుంటుంది? మీ టెక్నాలజీని చూసి కాదు. ఈ కరెంటు ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, డబ్బులు టైముకు ఇస్తారా? బ్యాంకు మేనేజర్ అడిగేవి ఈ మూడే. ఈ మూడింటికీ ప్రభుత్వం ఎలా సమాధానం చెప్పింది అన్నదాన్నే మనం పాలసీ అంటున్నాం.

డెన్మార్క్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు. 1973లో చమురు సంక్షోభం వచ్చేనాటికి ఆ దేశం ఇంధన అవసరాల్లో 90 శాతానికి పైగా చమురు మీదే ఆధారపడి ఉంది. అణు విద్యుత్ కేంద్రాలు కట్టాలని కరెంటు కంపెనీలు, వద్దని జనం. ఆ గొడవల మధ్య ట్విండ్ అనే చోట ఒక స్కూలు టీచర్లు, విద్యార్థులు, వాలంటీర్లు కలిసి 2 మెగావాట్ల గాలిమర కట్టేశారు. 1978లో అది తిరగడం మొదలుపెట్టింది. అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది అంటారు. టీచర్లు కట్టారండీ, ఇంజనీరింగ్ కంపెనీ కాదు. (నవ్వులు)

ప్రభుత్వం చేసిన తెలివైన పని ఆ మరుసటి ఏడాది వచ్చింది. గాలిమర కొన్నవాళ్లకు ఖర్చులో 30 శాతం సబ్సిడీ ఇస్తామంది. అయితే ఒక షరతు పెట్టింది. రీసో అనే పరిశోధన కేంద్రంలో పరీక్షించి సరేనన్న మోడల్‌కే సబ్సిడీ. రెక్క విరిగిపడే మరలకూ, బ్రేకు సరిగా పడని మరలకూ దారి అక్కడే మూసుకుపోయింది. సబ్సిడీ అంటే డబ్బు పంచడం అనుకుంటాం మనం. డెన్మార్క్ దాన్ని నాణ్యత తనిఖీగా వాడుకుంది. అక్కడి కంపెనీలు తర్వాత ప్రపంచమంతా అమ్ముకోగలిగాయంటే, నా ఉద్దేశంలో ఈ షరతుకు అందులో పెద్ద వాటా ఉంది.

ఇంకొకటి, గాలిమరలకు ఓనర్లు ఊళ్లో వాళ్లే. చుట్టుపక్కల కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి తలా కొన్ని వాటాలు కొనుక్కున్నాయి. ఇరవయ్యో శతాబ్దం చివరికి లక్షకు పైగా కుటుంబాలకు గాలిమరల్లో వాటా ఉంది. కోపెన్‌హాగెన్ ఒడ్డు నుంచి చూస్తే సముద్రంలో విల్లులా వంపు తిరిగిన ఒక వరసలో 20 గాలిమరలు కనిపిస్తాయి. దాన్ని మిడెల్‌గ్రుండెన్ అంటారు, 2000 చివర్లో నిలబెట్టారు. మొదటి ప్లానులో మూడు వరసల్లో 27 మరలున్నాయి. చూడ్డానికి బాగోలేదని జనం అభ్యంతరం చెబితే సంఖ్య తగ్గించి ఒకే వంపు వరసగా మార్చారు. అందులో సగం నగర విద్యుత్ సంస్థది, మిగతా సగం 8 వేలకు పైగా సభ్యులున్న సహకార సంఘానిది. మన ఇంటి ముందు మర తిరుగుతుంటే ఆ చప్పుడు న్యూసెన్సుగా వినిపిస్తుందా, డివిడెండుగా వినిపిస్తుందా అన్నది అందులో మనకు వాటా ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఇప్పుడు జర్మనీ. కాసేపు ఇక్కడే ఉంటాను.

జర్మనీలో అసలు కథ 2000లో మొదలైందని రాస్తుంటారు. నిజానికి దానికి పదేళ్ల ముందే ఒక చిన్న చట్టం వచ్చింది. బవేరియాలో వాగుల మీద చిన్న చిన్న జలవిద్యుత్ కేంద్రాలు నడిపేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. పెద్ద కరెంటు కంపెనీలు వాళ్ల దగ్గర నామమాత్రపు ధరకు కొనేవి, లేదంటే అసలు కొనేవే కావు. వాళ్ల తరఫున సంప్రదాయవాద సీఎస్‌యూ పార్టీకి చెందిన మథియాస్ ఎంగెల్స్‌బెర్గర్, గ్రీన్స్ పార్టీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డానియెల్స్ అనే ఇద్దరు పార్లమెంటు సభ్యులు చేతులు కలిపారు. ఆ రెండు పార్టీలకూ అప్పట్లో పడేది కాదు. చట్టం రెండు పేజీలు కూడా ఉండదు. 1991 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. గ్రిడ్ కంపెనీ ఆ కరెంటు కొని తీరాలి, గాలి, సోలార్ కరెంటుకైతే వినియోగదారులు కట్టే సగటు ధరలో 90 శాతం ఇవ్వాలి. అంతే. కంపెనీలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. చిన్న వాగుల కరెంటే కదా అనుకున్నాయి. తీరా చూస్తే ఉత్తర జర్మనీ తీరమంతా గాలిమరలు లేచాయి. అప్పుడు మేలుకొని కోర్టుకెక్కారు. ఇది కంపెనీలకు ఇచ్చే అక్రమ సర్కారు సాయం అవుతుందా అన్న ప్రశ్న యూరప్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఖజానా నుంచి డబ్బు కదలడం లేదు, ఒకరు ఇంకొకరికి చట్టం చెప్పిన ధర కడుతున్నారు, కాబట్టి అది సర్కారు సాయం కాదని 2001 మార్చిలో తీర్పొచ్చింది. ఆ తీర్పు అటూ ఇటూ అయ్యుంటే ఇవాళ నేను మాట్లాడే కథ వేరేలా ఉండేది.

ఆ 90 శాతం లెక్క గాలిమరలకు సరిపోయింది కానీ సోలార్‌కు ఏ మూలకూ చాల్లేదు. దానికి దారి చూపించింది ఆఖెన్ అనే ఊరు. ఖర్చు ఎంతైతే అంత ధర ఇద్దాం, దానికయ్యే అదనపు భారం ఊరందరి బిల్లుల్లో తలా కాస్త వేద్దామని అక్కడివాళ్లు పట్టుబట్టారు. 1995 నుంచి ఆ ఊళ్లో సోలార్ యూనిట్‌కు 2 జర్మన్ మార్కులు ఇచ్చారు. బిల్లు మీద పడే అదనం ఒక శాతం మించకూడదని హద్దు పెట్టుకున్నారు. ఇదే పద్ధతి 2000 ఏప్రిల్ 1న జాతీయ చట్టమైంది. పార్లమెంటులో దీన్ని ముందుండి నడిపించినవాళ్లలో హెర్మన్ షేర్, హన్స్ యోసెఫ్ ఫెల్ ముఖ్యులు.

ఆ చట్టంలో సోలార్ యూనిట్‌కు సుమారు 50 సెంట్లు, అంటే అర యూరో. మన లెక్కలో అప్పటికి ఇరవై రూపాయల పైమాటే. ఇంటి కరెంటు ధర అక్కడ అప్పుడు యూనిట్‌కు 14 సెంట్ల చుట్టూ ఉండేది. మూడింతల కన్నా ఎక్కువ పెట్టి కొంటామంటే పిచ్చి అనుకున్నవాళ్లు చాలామంది. కానీ దాంట్లో మూడు కట్లు ఉన్నాయి, అవి గమనించండి. ఒకసారి ప్లాంటు పెట్టాక ఆ ధర 20 ఏళ్లు మారదు. గ్రిడ్‌లోకి ముందు ఈ కరెంటునే తీసుకోవాలి. మూడోది, ఆలస్యం చేస్తే ధర తగ్గుతుంది. ఈ ఏడాది పెట్టినవాడికి ఒక ధర, వచ్చే ఏడాది పెట్టేవాడికి ఇంకాస్త తక్కువ. ప్యానెల్ తయారుచేసేవాళ్ల మీద ఏటా ధర తగ్గించుకోవాలనే ఒత్తిడి చట్టంలోనే కూర్చుని ఉంది.

దీంతో రైతులు, చర్చిలు, స్కూళ్లు, రిటైరైన ఉద్యోగులు పైకప్పుల మీద ప్యానెళ్లు పెట్టారు. ఊరి బ్యాంకు మేనేజర్‌కి ఇది ఇల్లు కొనడానికిచ్చే లోను కన్నా సులువు. ఆదాయం చట్టంలో రాసుంది, ఇరవై ఏళ్లు రాసుంది. 2010, 2011, 2012ల్లో ఒక్కో ఏడాది 7 వేల మెగావాట్లకు పైగా సోలార్ వచ్చింది. 2000లో కరెంటులో 6 శాతం చుట్టూ ఉన్న గాలి, సోలార్, జలవిద్యుత్ లాంటి పునరుత్పాదకాల వాటా 2023 నాటికి సగం దాటింది.

మరి ఖర్చు? ఉంది, బాగానే ఉంది. మార్కెట్ ధరకూ, ఇచ్చిన మాట ధరకూ ఉన్న తేడాని ప్రతి బిల్లు మీదా సర్‌చార్జిగా వేశారు. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లు, అదే గరిష్ఠం. పైగా కరెంటు ఎక్కువ వాడే స్టీలు, కెమికల్ ఫ్యాక్టరీలకు మినహాయింపులిచ్చారు, విదేశీ పోటీకి తట్టుకోలేరని. వాళ్లు కట్టని భాగం కూడా మామూలు ఇళ్ల మీద, చిన్న షాపుల మీద పడింది. అద్దె ఇంట్లో ఉండే మనిషికి పైకప్పు లేదు, ప్యానెల్ లేదు, సర్‌చార్జి మాత్రం ఉంది. ఈ విమర్శకు సరైన జవాబు జర్మనీ దగ్గర ఎప్పుడూ లేదనే నా అభిప్రాయం. చివరికి 2022 జులై నుంచి ఆ సర్‌చార్జిని సున్నా చేసి, భారాన్ని కేంద్ర బడ్జెట్ మీదికి మార్చారు.

అయితే ఈ ఖర్చులో ఇంకో కోణముంది. జర్మన్ గృహిణి కట్టిన ఆ సెంట్ల వల్లే ప్యానెళ్లకు మొదటి పెద్ద మార్కెట్ ఏర్పడింది. దాన్ని చూసి చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి, ధరలు పడిపోయాయి. ఇవాళ అనంతపురంలోనో కర్నూలులోనో యూనిట్ రెండు, మూడు రూపాయలకు సోలార్ కరెంటు వస్తోందంటే ఆ ఖరీదైన తొలి పాఠానికి ఫీజు ఎక్కువగా కట్టింది జర్మనీ ఇళ్లవాళ్లు. పాపం, సొంత జర్మన్ ప్యానెల్ కంపెనీలు చాలావరకు ఆ పోటీలో కొట్టుకుపోయాయి.

ఇప్పుడు ఇదే మందు మోతాదు చూసుకోకుండా వాడితే ఏమైందో స్పెయిన్‌లో చూద్దాం.

2007లో స్పెయిన్ కొత్త ఉత్తర్వు ఇచ్చింది. చిన్న సోలార్ ప్లాంట్లకు యూనిట్‌కు 44 సెంట్లు. లక్ష్యం సుమారు 400 మెగావాట్లు, అది కూడా 2010 నాటికి. జర్మనీ కన్నా ఎండ ఎంతో ఎక్కువ, ధర దాదాపు అంతే. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. సర్కారు సంస్థే "సూర్యుడు మీ సొంతం కావచ్చు" అని ప్రచారం చేసింది. డాక్టర్లు, టీచర్లు, చిన్న వ్యాపారులు బ్యాంకు లోను తీసుకుని పొలాల్లో ప్లాంట్లలో వాటాలు కొన్నారు. లక్ష్యంలో 85 శాతం నిండాక కూడా కనీసం ఏడాది గడువు ఇవ్వాలని ఉత్తర్వులోనే ఉంది. ఆ గడువు 2008 సెప్టెంబరులో ముగిసింది. ఆలోపే పూర్తి చేయాలని రాత్రీ పగలూ పనులు చేశారు. ఆ ఒక్క ఏడాదిలో 2,500 మెగావాట్లకు పైగా వచ్చిపడింది. ప్రపంచంలో ఆ ఏడు అదే అతి పెద్ద సోలార్ మార్కెట్. ఇంకో వింత, 2010లో పత్రికలు రికార్డులు బయటపెట్టాయి. అర్ధరాత్రి తర్వాత కూడా సోలార్ కరెంటు అమ్మినట్టు లెక్కలున్నాయి! (నవ్వులు) డీజిల్ జనరేటర్లు పెట్టారా, మీటర్లు తప్పుగా చదివారా అని పెద్ద గొడవైంది.

అసలు జబ్బు వేరే చోట ఉంది. స్పెయిన్‌లో కరెంటు చార్జీలు పెంచితే ఓట్లు పోతాయని ఏ ప్రభుత్వమూ పెంచలేదు. ఖర్చుకూ చార్జీలకూ మధ్య తేడాని ఏటా పక్కన రాసుకుంటూ పోయారు, తర్వాత చూద్దామని. ఇది సోలార్ రాకముందే మొదలైన అలవాటు. డిస్కంలో పనిచేసినవాళ్లకి ఇది కొత్త కథ కాదు, మన దగ్గర దీనికి ట్రూ అప్ అనీ ఇంకోటనీ చక్కని పేర్లున్నాయి. స్పెయిన్‌లో ఆ బాకీ 2013 నాటికి 3 వేల కోట్ల యూరోలకు దగ్గరికి చేరింది. సరిగ్గా అప్పుడే దేశం ఆర్థిక సంక్షోభంలో ఉంది. ఇక మాట తప్పడం మొదలైంది. 2010 చివర్లో, ఏడాదికి ఇన్ని గంటల ఉత్పత్తికే ఆ ధర అన్నారు. 2012 జనవరిలో కొత్త ప్లాంట్లకు సాయం ఆపేశారు. 2013లో పాత ధరల పద్ధతినే ఎత్తేసి, పెట్టుబడి మీద "సమంజసమైన లాభం" మాత్రమే ఇస్తామన్నారు. అది సుమారు 7.4 శాతం, పన్నులకు ముందు. వినడానికి బాగానే ఉంది. కానీ 44 సెంట్ల లెక్క మీద లోను తీసుకున్నవాడికి వాయిదా తగ్గదు కదా.

ఇక్కడ నాకు బాగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. విదేశీ పెట్టుబడిదారులు ఎనర్జీ చార్టర్ ట్రీటీ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద స్పెయిన్ మీద దాదాపు 50 ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తిత్వ కేసులు వేశారు, వాటిలో చాలా గెలిచారు. మరి ఇల్లు తాకట్టు పెట్టి వాటా కొన్న స్పెయిన్ టీచరు? ఆయనకు ఆ ట్రీటీ వర్తించదు, ఆయన విదేశీయుడు కాదు కాబట్టి. స్థానిక కోర్టుకే వెళ్లాలి. ఆ కోతలు చెల్లుతాయని స్పెయిన్ సుప్రీంకోర్టు 2016లో తేల్చేసింది. ప్రభుత్వం మాట నమ్మిన ఇద్దరిలో, పరాయివాడికి న్యాయం దొరికింది, సొంత పౌరుడు మునిగాడు. ఆ ట్రీటీ నుంచి యూరోపియన్ యూనియన్ ఆ తర్వాత బయటికొచ్చేసింది, అది వేరే కథ.

చెక్ రిపబ్లిక్‌దీ ఇదే బాట, కాకపోతే తప్పు ఎక్కడుందో అక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త ప్లాంట్ల ధరను నియంత్రణ సంస్థ ఏడాదికి 5 శాతానికి మించి తగ్గించకూడదని చట్టం. పెట్టుబడిదారులకు భరోసా ఇద్దామని మంచి ఉద్దేశంతోనే రాశారు. కానీ 2009 ప్రాంతంలో ప్యానెళ్ల ధరలు ఒక్కసారిగా కుప్పకూలాయి. ఖర్చు అంతలా పడిపోతుంటే ధర 5 శాతమే తగ్గితే ఏమవుతుంది? వంద మెగావాట్లు కూడా లేని దేశంలో రెండేళ్లలోనే దాదాపు 2 వేల మెగావాట్లు లేచాయి. గాభరాపడి 2011 నుంచి ఆ ప్లాంట్ల ఆదాయం మీద 26 శాతం లెవీ వేశారు.

మన దగ్గరా 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గాలి, సోలార్ ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయని తిరగదోడే ప్రయత్నం జరిగింది. పీపీఏలో, అంటే కరెంటు కొనుగోలు ఒప్పందంలో, రాసుకున్న ధరే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పునిచ్చింది. ఎవరిది తప్పు అని నేను వాదించబోవడం లేదు. ఈ రెండింటి మధ్యకాలంలో బ్యాంకులు కొత్త ప్రాజెక్టులకు ఏ వడ్డీ అడిగాయో మాత్రం మీరే కనుక్కోండి.

సరే, ధర ప్రభుత్వం చెబితే తప్పుతోంది కదా, మార్కెట్నే చెప్పనిద్దాం అన్నారు. అలా వేలంపాటలు వచ్చాయి. ఎవరు తక్కువకు ఇస్తామంటే వాళ్లకే కాంట్రాక్టు. 2014 తర్వాత యూరోపియన్ యూనియన్ కూడా దేశాలను ఇటే నడిపించింది. ధరలు నిజంగానే పడ్డాయి. 44 సెంట్లు ఇచ్చిన స్పెయిన్‌లోనే 2021 జనవరి వేలంలో సగటున యూనిట్ 2.5 సెంట్లకే వచ్చింది. బ్రిటన్‌లో సముద్ర గాలిమరల ధర 2015లో యూనిట్‌కు 11 నుంచి 12 పెన్స్ (పౌండులో వందో వంతు పెన్నీ) ఉంటే 2019 వేలంలో 4 పెన్స్ చుట్టూ వచ్చింది, రెండూ 2012 ధరల లెక్కలోనే.

అయితే వేలానికి ఒక పాత జబ్బుంది. 1990లలోనే బ్రిటన్ ఒక రకం వేలాలు పెట్టింది. జనం పోటీపడి తక్కువ ధర కోట్ చేశారు, కాంట్రాక్టు జేబులో వేసుకున్నారు, తర్వాత గిట్టుబాటు కాక చాలా ప్రాజెక్టులు కట్టనేలేదు. కట్టకపోతే జరిమానా కూడా లేదు! టెండర్లు చూసినవాళ్లకి ఇది తెలిసిన ముచ్చటే. ఇంకో జబ్బేంటంటే, చిన్నవాళ్లు వేలంలో నిలబడలేరు. బ్యాంకు గ్యారంటీ కట్టాలి, గాలి కొలతలకు, లాయర్లకు, స్టడీలకు ముందే ఖర్చు పెట్టాలి, తీరా ఓడిపోతే ఆ డబ్బంతా పోయినట్టే. పది ప్రాజెక్టులున్న కంపెనీ మూడు ఓడినా తట్టుకుంటుంది. ఊరి సహకార సంఘానికి ఉండేది ఒకే ప్రాజెక్టు.

2017లో జర్మనీలో సముద్ర గాలిమరల వేలంలో ఇంకో మలుపు వచ్చింది. కొన్ని కంపెనీలు మాకు సబ్సిడీ అక్కర్లేదు, సున్నాకే కడతామన్నాయి. 2023కి వచ్చేసరికి రెండు చమురు కంపెనీలు, బీపీ, టోటల్ ఎనర్జీస్, ఎదురు డబ్బిచ్చి మరీ సముద్రంలో చోటు కొన్నాయి. మొత్తం 1,260 కోట్ల యూరోలకు పాట పాడారు. పేపర్లు ఆహా ఓహో అన్నాయి. నాకైతే అప్పుడే అనుమానం వచ్చింది. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? చివరికి కరెంటు ధరలోంచో, టర్బైన్ తయారీదారుల మెడలు వంచో రావాలి. ఈలోగా స్టీలు రేటు పెరిగింది, వడ్డీలు పెరిగాయి. 2023 సెప్టెంబరులో బ్రిటన్ 4.4 పెన్స్‌కు మించి ఇవ్వం అని వేలం పెడితే సముద్ర గాలిమరలకు ఒక్క బిడ్ రాలేదు. మరుసటి ఏడాది గరిష్ఠ ధరను 7.3 పెన్స్‌కు పెంచాకే కంపెనీలు వచ్చాయి. డెన్మార్క్ 2024 చివర్లో 3 వేల మెగావాట్లకు సబ్సిడీ లేకుండా టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. గాలిమరల పుట్టిల్లు అది! చివరికి సబ్సిడీతోనే మళ్లీ పిలవాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో జర్మనీకీ అదే అనుభవం, ఒక్క బిడ్ కూడా రాలేదు.

అందుకే ఇప్పుడు యూరప్ అంతా బ్రిటన్ దగ్గర నేర్చుకున్న ఇంకో పద్ధతి వైపు వెళ్తోంది. దాన్ని కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్ అంటారు. కొంచెం జాగ్రత్తగా వినండి, కష్టమేమీ కాదు. వేలంలో యూనిట్‌కు 6 పెన్స్ అని ఖాయమైందనుకోండి. కంపెనీ తన కరెంటుని మార్కెట్లోనే అమ్ముకుంటుంది. మార్కెట్లో 4 పెన్సే పలికితే ఆ 2 పెన్స్ ప్రభుత్వ సంస్థ కలుపుతుంది. 15 పెన్స్ పలికితే పైనున్న 9 పెన్స్ కంపెనీ వెనక్కి కట్టాలి. రెండువైపులా కట్టు ఉందన్నమాట. 2022లో రష్యా గ్యాస్ తగ్గి యూరప్‌లో కరెంటు ధరలు ఆకాశాన్నంటినప్పుడు బ్రిటన్‌లో ఇలాంటి గాలిమరల నుంచి డబ్బు తిరిగి వినియోగదారుల వైపు వచ్చింది. పాత రకం సబ్సిడీల్లో ఉన్నవాళ్లు మాత్రం సబ్సిడీ, మార్కెట్ లాభం రెండూ జేబులో వేసుకున్నారు. 2024లో మార్చిన యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం, 2027 జులై నుంచి కొత్త గాలి, సోలార్ ప్లాంట్లకు ప్రభుత్వం నేరుగా ధర భరోసా ఇవ్వాలంటే ఈ రెండువైపుల పద్ధతిలోనే ఇవ్వాలి. కొత్త అణు ప్లాంట్లకూ అంతే. 1991లో మొదలైన స్థిర ధర ఆలోచనే చుట్టూ తిరిగి, వేలాన్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చిందని నేనంటాను. ఒప్పుకోని ఆర్థికవేత్తలు చాలామంది ఉన్నారు.

లక్ష్యాల గురించి రెండు ముక్కలు. యూరోపియన్ యూనియన్ 2009 చట్టంలో 2020కల్లా మొత్తం ఇంధన వాడకంలో పునరుత్పాదకాలు 20 శాతం ఉండాలన్నారు, 22 శాతం దాకా చేరారు. ఇప్పుడు 2030కి 42.5 శాతం అని 2023లో రాసుకున్నారు. గుర్తుంచుకోండి, ఇది కరెంటు ఒక్కదానిలో వాటా కాదు, కార్లలో పోసే పెట్రోలు, ఇళ్లలో వేడికి కాల్చే గ్యాసు అన్నీ కలిపి. అందుకే ఇది చాలా కష్టం.

డబ్బు దొరికినా పర్మిషన్ దొరకదు, ఇది ఇంకో తలనొప్పి. పోలండ్ 2016లో ఒక చట్టం చేసింది, గాలిమర ఎత్తుకు పది రెట్ల దూరంలోపు ఇల్లుండకూడదని. ఒక్క వాక్యం అది. ఎత్తు 150 మీటర్లయితే కిలోమీటరున్నర. దేశమంతా మ్యాపు మీద వృత్తాలు గీసి చూస్తే చోటే మిగల్లేదు. ఒక్క పైసా సబ్సిడీ తగ్గించకుండానే కొత్త ప్రాజెక్టులు దాదాపు ఆగిపోయాయి. 2023లో దాన్ని 700 మీటర్లకు సడలించారు. అదే పోలండ్ ఇంటి పైకప్పు సోలార్‌కు మాత్రం చేతినిండా సాయం చేసి పది లక్షలకు పైగా ఇళ్లను సోలార్ ఇళ్లుగా మార్చింది. ఒకే ప్రభుత్వం, ఒకే కాలంలో!

గ్రిడ్ సంగతి క్లుప్తంగా చెబుతాను, లేకపోతే సాయంత్రం అయిపోతుంది. జర్మనీలో గాలి ఉత్తరాన, ఫ్యాక్టరీలు దక్షిణాన. మధ్యలో స్యూడ్‌లింక్ అనే 700 కిలోమీటర్ల లైను వేయాలి. స్తంభాలు మా ఊళ్ల మీదుగా వద్దని బవేరియా వాళ్లు అడ్డంపడితే భూమిలో కేబుల్‌గా మార్చారు. 2022కి రావాల్సింది ఇప్పుడు 2028 అంటున్నారు. ఈలోగా గాలి బాగా వీచిన రోజున ఉత్తరాన మరలు ఆపించి వాళ్లకు పరిహారం, దక్షిణాన గ్యాస్ ప్లాంటు నడిపించి వాళ్లకు డబ్బు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, యూరప్‌లో "మేం నూరు శాతం గ్రీన్ కరెంటు వాడుతున్నాం" అని కంపెనీలు చెప్పుకుంటాయి కదా. అది నిజమేనా?

చాలాసార్లు కాగితం మీద నిజం. అక్కడ ప్రతి మెగావాట్ అవర్ గ్రీన్ కరెంటుకూ ఒక సర్టిఫికెట్ పుడుతుంది. కరెంటుతో సంబంధం లేకుండా ఆ కాగితాన్ని విడిగా అమ్ముకోవచ్చు. ఐస్‌లాండ్‌లో కరెంటంతా దాదాపు జలవిద్యుత్, భూగర్భ వేడితో తీసేదే. యూరప్ గ్రిడ్‌కి దానికి ఒక్క తీగ కూడా లేదు. కానీ సర్టిఫికెట్లు యూరప్ కంపెనీలకు అమ్మేస్తారు. అమ్మేశాక లెక్క సరిపోవాలి కదా, అందుకని ఐస్‌లాండ్ వాళ్ల అధికారిక లెక్కల్లో బొగ్గు కరెంటు, అణు కరెంటు వాడినట్టు చూపించాల్సి వచ్చింది. ఆ దేశంలో అణు కేంద్రమే లేదు! (నవ్వులు) కాబట్టి ఎవరైనా నూరు శాతం గ్రీన్ అంటే, కాగితం కొన్నారా, కొత్త ప్లాంటు కట్టించారా అని అడగండి.

ప్రశ్న: స్పెయిన్ తర్వాత కోలుకుందా సార్?

కోలుకుంది, కానీ చాలా ఏళ్లు పోగొట్టుకుంది. 2012 నుంచి ఐదారేళ్లు కొత్త సోలార్ దాదాపు రాలేదు. ప్యానెళ్లు చవకైన ఆ ఏళ్లలోనే, ఎండ దండిగా ఉన్న దేశంలో. పైగా 2015లో సొంత పైకప్పు మీద కరెంటు చేసుకునేవాళ్ల మీద చార్జీలు వేశారు, జనం దానికి సూర్యుడి పన్ను అని పేరుపెట్టారు. 2018 అక్టోబరులో తీసేశాకే ఇళ్ల మీద మళ్లీ ప్యానెళ్లు కనిపించడం మొదలైంది. ఇప్పుడు వాళ్ల ఇబ్బంది వేరే, మధ్యాహ్నం సోలార్ ఎక్కువైపోయి మార్కెట్ ధర సున్నాకు, ఒక్కోసారి సున్నా కిందకు కూడా పోతోంది. బ్యాటరీలకు ఏ రకం భరోసా ఇవ్వాలన్నది అక్కడ ఇప్పుడు నడుస్తున్న చర్చ.

ప్రశ్న: మా అన్నయ్య జర్మనీలో అద్దె ఫ్లాట్‌లో ఉంటాడండీ. బాల్కనీలో సోలార్ పెట్టుకోవచ్చని చెప్పాడు. నిజమేనా అండీ?

నిజమేనమ్మా. ఇన్వర్టర్ 800 వాట్ల దాకా అయితే పెద్ద పర్మిషన్ల గొడవ లేదు. ఆన్‌లైన్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకుని ప్లగ్ పెట్టుకోవడమే. అలాంటివి ఇప్పటికి పది లక్షలకు పైగా నమోదయ్యాయి. 2023 నుంచి వాటి మీద వ్యాట్ సున్నా. 2024 అక్టోబరు నుంచి సరైన కారణం లేకుండా ఇంటి ఓనరు వద్దనడానికి లేదు. అయితే ఎలా బిగించాలి, ఎక్కడ బిగించాలి అన్నదాంట్లో ఆయన మాట చెల్లుతుంది, కాబట్టి కొనేముందు ఒక మెయిల్ పెట్టమను. మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి పోతే మామూలుగా డబ్బులేమీ రావు. వాషింగ్ మెషీన్ పగలు వేసుకుంటేనే లాభం. రాత్రి డ్యూటీ ఉద్యోగమైతే మరీ మంచిది, పగలు ఇంట్లోనే ఉంటాడు కదా.